కాజీపేట ప్లాట్‌ఫాం నుంచి ఎంజీఎం గేటు దాకా: నిరాశ్రయులకు ఒకే జాబితా ఎందుకు, ఎట్లా

కాజీపేట జంక్షన్ ప్లాట్‌ఫాం మీద పడుకున్న మనిషి రైల్వే పోలీసుల లెక్కలోకి వస్తాడు. వాళ్లు లేపితే స్టేషన్ బయటికొచ్చి ఆటో స్టాండు పక్కన పడుకుంటాడు. అప్పుడు హనుమకొండ జిల్లా, బల్దియా (నగరపాలక సంస్థ) పరిధి. కాలి పుండు ముదిరి 108లో ఎంజీఎం ఆస్పత్రికి చేరితే వరంగల్ జిల్లా, వైద్యశాఖ. పేరు చెప్పలేని స్థితిలో ఉంటే కేసు షీటు మీద ‘అన్‌నోన్’ అని రాస్తారు. డిశ్చార్జి చేశాక ఆస్పత్రి గోడ పక్కనే మకాం. ఎవరైనా దయతలచి నైట్ షెల్టర్‌లో దింపితే అక్కడి రిజిస్టర్‌లో ఒక వరుస. మతిస్థిమితం లేదని ఎవరో ఫోన్ చేస్తే పోలీస్ స్టేషన్ జనరల్ డైరీలో ఇంకో వరుస. మనిషి ఒక్కడే. రాసినవాళ్లంతా వేరువేరు మనుషులుగా రాశారు.

ఉత్తర తెలంగాణలో నిరాశ్రయుల గురించి మాట వచ్చినప్పుడల్లా చర్చ పడకల దగ్గర మొదలై పడకల దగ్గరే ముగుస్తుంది. ఎన్ని షెల్టర్లు ఉన్నాయి, ఎన్ని కావాలి, దుప్పట్లు పంచారా లేదా. పడకలు కావాలి, అందులో అనుమానం లేదు. అయితే పడకలు పెంచినా రోడ్డు మీద మనుషులు తగ్గడం లేదంటే కారణం మరోచోట ఉంది. ఒక మనిషి రోడ్డున పడ్డ రోజు నుంచి, తలుపున్న గదిలో మళ్లీ నిద్రపోయే రోజు దాకా, అతని పేరు పట్టుకుని వెంట నడిచే కార్యాలయం ఒక్కటీ లేదు. ప్రతి శాఖా తన వంతు పని చేసి మనిషిని పక్క శాఖ గేటు దగ్గర వదిలేస్తుంది. ఆ గేటు తెరుచుకుందా లేదా అని వెనక్కి తిరిగి చూడాల్సిన బాధ్యత ఎవరికీ రాసి లేదు.

లెక్క పెట్టి చూస్తే విషయం తేటపడుతుంది. ఉదాహరణకు ఒక పట్టణంలో నెలకు 40 మంది కొత్తగా రోడ్డున పడుతున్నారనుకుందాం. అదే నెలలో 25 మంది ఇంటికో, అద్దె గదికో చేరుతున్నారు. నెలకు 15 మంది మిగులు. ఏడాదికి 180. 50 పడకల షెల్టర్ కొత్తగా ఒకటి కట్టినా నాలుగు నెలలు తిరక్కుండానే నిండిపోతుంది. తగ్గించాల్సింది ఆ 40ని, పెంచాల్సింది ఆ 25ను. ఈ రెండు సంఖ్యలూ తెలియకుండా ఎన్ని పడకలు వేసినా నీళ్లు ఎక్కడ కారుతున్నాయో చూడకుండా కుండ నింపుతున్నట్టే.

పడక లెక్క, పైసల లెక్క

2011 జనగణనలో దేశంలో ఇల్లు లేనివాళ్లు దాదాపు 17.7 లక్షల మంది. వాళ్లలో 9.4 లక్షల వరకు పట్టణాల్లోనే ఉన్నారు. రోడ్డు పక్కన, పేవ్‌మెంట్ మీద, సిమెంటు పైపుల్లో, ఫ్లైఓవర్ల కింద, మెట్ల కింద, గుళ్ల మండపాల్లో, రైల్వే ప్లాట్‌ఫాంల మీద ఆరుబయట బతికేవాళ్లను ఈ లెక్కలోకి తీసుకున్నారు. ఒక్క రాత్రి లెక్క అది. ఆ రాత్రి ఆస్పత్రి వరండాలో అటెండెంట్‌లా కూర్చున్న ఆడమనిషి, సగం కట్టిన అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ దయమీద పడుకున్న కుటుంబం అందులోకి రావడం కష్టం. అసలు సంఖ్య అంతకన్నా ఎక్కువే ఉంటుందని ఈ రంగంలో పనిచేసేవాళ్లందరికీ తెలుసు.

జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ నియమావళి ప్రకారం లక్ష పట్టణ జనాభాకు కనీసం 100 మందికి శాశ్వత షెల్టర్ వసతి ఉండాలి. మనిషికి 50 చదరపు అడుగుల చోటు, 24 గంటలూ తెరిచి ఉండటం, వంటకు, స్నానానికి, సామాన్లు దాచుకోవడానికి వసతి. గ్రేటర్ వరంగల్ జనాభా 8 లక్షల పైనే కాబట్టి కనీసం 800 పడకలు, అంటే 50 పడకల షెల్టర్లు 16. అలాగే 2011 జనాభా ప్రకారం చూసినా నిజామాబాద్‌కు 300, కరీంనగర్‌కు, రామగుండానికి 200 చొప్పున పడకలు పడతాయి.

నిర్వహణకు అదే నియమావళి 50 పడకల షెల్టర్‌కు ఏడాదికి 6 లక్షలు లెక్కగట్టింది. అంటే నెలకు 50 వేలు, పడకకు నెలకు వెయ్యి, రోజుకు 33 రూపాయలు. ఆ 50 వేలల్లో ఒక మేనేజర్, మూడు షిఫ్టులకు ముగ్గురు కేర్‌టేకర్లు, కరెంటు, ఫినాయిలు, దుప్పట్ల ఉతుకు, మందులు అన్నీ వెళ్లాలి. జీతాలకే ముప్పావు భాగం పోతుంది. మిగిలినదాంట్లో ఒక మనిషిని వెంటబెట్టుకుని తహసీల్ ఆఫీసుకో బ్యాంకుకో పోయే ఆటో చార్జీకి కూడా చోటుండదు. షెల్టర్ అంటే పడుకుని లేచిపోయే చోటుగా మాత్రమే మిగిలిపోవడానికి మూలం ఇక్కడుంది. పైగా ఆ సాయం ఐదేళ్లకే. ఆ మిషన్ గడువే 2024 సెప్టెంబరుతో ముగిసింది. ఐదేళ్లు దాటిన షెల్టర్ల బరువు స్థానిక సంస్థల మీదే పడుతుంది. ఏటా బడ్జెట్‌లో ప్రత్యేక పద్దు లేకపోతే మొదట పోయేది రాత్రి షిఫ్టు కేర్‌టేకర్, ఆ తర్వాత మహిళల గది.

ఇంకో సంగతి. షెల్టర్లను చలికాలం పనిగా చూసే అలవాటు ఉత్తరాది నుంచి వచ్చింది. ఆదిలాబాద్ వైపు చలి నిజంగానే ప్రాణం తీస్తుంది. కానీ రామగుండం, మంచిర్యాల, వరంగల్‌లలో మే నెల ఎండ అంతకన్నా ప్రమాదం. పొద్దున 8 గంటలకు ఖాళీ చేయించి సాయంత్రం 6కు తెరిచే షెల్టర్, ముసలివాళ్లను సరిగ్గా వడదెబ్బ వేళకు రోడ్డు మీదికి పంపుతోంది. 24 గంటలు తెరవాలన్న నియమం ఇక్కడ ఏప్రిల్, మే నెలల్లోనే ఎక్కువ అవసరం.

జిల్లా గీత దగ్గర ఆగని మనుషులు

పాత వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్, నిజామాబాద్ జిల్లాలు ఇప్పుడు 16 జిల్లాలు. పాలనకు అది సౌకర్యం కావచ్చు. ఇల్లు లేని మనిషికి మాత్రం దారులు పాతవే. సిర్పూర్ కాగజ్‌నగర్ నుంచి మంచిర్యాల, రామగుండం, పెద్దపల్లి మీదుగా కాజీపేట, వరంగల్ దాకా ఒకే రైలు పట్టాలు. వేములవాడ, కొండగట్టు, ధర్మపురి, బాసర గుళ్ల దగ్గర అన్నదానం, ధర్మసత్రాల అరుగులు. కాజీపేట దర్గా. ఎంజీఎం. పెద్దపల్లి, కరీంనగర్ ఇటుక బట్టీలకు ఒడిశా నుంచి వచ్చే కుటుంబాలు. ఏనుమాముల మార్కెట్లో మిర్చి, పత్తి సీజన్ ఉన్నన్నాళ్లు హమాలీ పని దొరికి, సీజన్ పోగానే తలదాచుకునే చోటూ పోయేవాళ్లు. వేములవాడలో కొడుకు వదిలేసిన తల్లి ఆర్నెల్లకు వరంగల్ బస్టాండులో కనిపిస్తుంది. సిరిసిల్ల జిల్లా లెక్కలో ఆమె తగ్గినట్టు, వరంగల్ జిల్లా లెక్కలో పెరిగినట్టు రాసుకుంటారు. నిజంగా ఏదీ మారలేదు.

జిల్లా గీతలు దాటి పనిచేయడం మనకు కొత్త కాదు. ఊళ్ల ప్లాన్లకు, లేఅవుట్లకు మూడు జిల్లాల మీదుగా విస్తరించిన కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ ఉంది. శాంతిభద్రతలకు వరంగల్, హనుమకొండ, జనగామ జిల్లాలకు కలిపి ఒక పోలీస్ కమిషనరేట్, పెద్దపల్లి, మంచిర్యాలకు కలిపి రామగుండం కమిషనరేట్ ఉన్నాయి. భూమికీ, బందోబస్తుకూ కుదిరింది నిరాశ్రయులకు ఎందుకు కుదరదు? వరంగల్, హనుమకొండ కలెక్టర్లు, బల్దియా కమిషనర్ కలిసి ఒక ఉమ్మడి ఉత్తర్వు ఇస్తే మొదటి మెట్టు ఎక్కినట్టే. ఆ ఉత్తర్వులో ఉండాల్సినవి ఎక్కువేం లేవు. పూర్తికాలం పనిచేసే సమన్వయాధికారి ఒకరు, ప్రతి శాఖ నుంచి పేరుతో సహా ఒక బాధ్యుడు, ఉమ్మడి జాబితా, నెలనెలా అంకెలు బయటపెట్టే తేదీ. సమన్వయాధికారికి ‘అదనపు బాధ్యతలు’ అని రాస్తే ఆ పని చచ్చినట్టే. ఏదో ఒక ఎన్నికల డ్యూటీ, ఏదో ఒక సర్వే వస్తుంది, నిరాశ్రయుల ఫైలు అడుక్కి పోతుంది.

అమెరికాలో 1990ల మధ్య నుంచి కేంద్ర నిధులు కావాలంటే ఒక ప్రాంతంలోని సంస్థలన్నీ కలిసి ఒకే దరఖాస్తు పెట్టుకోవాలన్న పద్ధతి నడుస్తోంది. హ్యూస్టన్ నగరంలో వందకు పైగా సంస్థలు ఒకే జాబితా మీద, ఒకే ప్రవేశ పద్ధతి మీద పనిచేయడంతో 2011 తర్వాత నిరాశ్రయుల సంఖ్య 60 శాతానికి పైగా తగ్గింది. ఫిన్లాండ్ 2008 నుంచి షెల్టర్లను అద్దె ఇళ్లుగా మారుస్తూ పోయింది. ముందు ఇల్లు, తర్వాత చికిత్స, పని. వాళ్ల డబ్బు, వాళ్ల అద్దె రాయితీలు మన దగ్గర లేవు, వాటిని ఇక్కడికి తెచ్చి అతికించలేం. ఒక్క విషయం మాత్రం డబ్బుతో సంబంధం లేకుండా తీసుకోవచ్చు. అక్కడ తగ్గిన ప్రతిచోటా ముందు పేర్లతో జాబితా తయారైంది.

పేర్ల జాబితా ఎట్లా తయారవుతుంది

మొదటి పని పగటిపూట జరుగుతుంది. రాత్రి సర్వేకు రెండు వారాల ముందు, డివిజన్ల వారీగా పడుకునే చోట్ల పటం గీయాలి. ఆఫీసులో కూర్చుని గీసే పటం కాదు. పారిశుద్ధ్య జవాన్లు, తెల్లవారుజామున చాయ్ కొట్టు తెరిచేవాళ్లు, పాత ఇనుప సామాను కొనేవాళ్లు, మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) ఆర్పీలు (రిసోర్స్ పర్సన్లు), గుడి ముందు చెప్పులు కాసేవాళ్లు చెబితే గీసే పటం. గ్రేటర్ వరంగల్‌లో 66 డివిజన్లున్నా, రైల్వే స్టేషన్లు, బస్టాండ్లు, ఎంజీఎం చుట్టుపక్కల, మార్కెట్ యార్డు, గుళ్లు, దర్గా, ఫ్లైఓవర్ కింద, కూలీల అడ్డాలు కలిపితే ఎక్కువమంది కొద్ది చోట్లలోనే దొరుకుతారు.

రాత్రి సర్వే 11 తర్వాత మొదలై 3 గంటల లోపు ముగియాలి. 10 గంటలకు వెళ్తే ఆఖరి బస్సు కోసం చూసేవాళ్లు కలిసిపోతారు. 4 దాటితే అడ్డా కూలీలు లేచిపోతారు. జట్టుకు ముగ్గురు, అందులో ఒక మహిళ తప్పనిసరి. హిందీ వచ్చినవాళ్లు ఒకరుండాలి, కాజీపేట, రామగుండం స్టేషన్ల దగ్గర ఒడియా వచ్చినవాళ్లు దొరికితే మరీ మంచిది. యూనిఫాం జట్టు వెంట రాకూడదు. పోలీసులు దూరంగా ఉండి అవసరమైతే రావాలి. ఒక్కసారి జీపు లైటు పడితే ఆ చోటు మళ్లీ వారం దాకా ఖాళీగానే ఉంటుంది. నిద్రపోతున్నవాళ్లను లేపొద్దు. చోటు, సుమారు వయసు, ఆడా మగా, పిల్లలున్నారా, నడవగలరా అన్నవి రాసుకుని మర్నాడు పొద్దున పేరు కోసం మళ్లీ వెళ్లాలి. వరంగల్, కాజీపేట, జనగామ, మహబూబాబాద్, పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాలల్లో సర్వే అంతా ఒకే రాత్రి జరగాలి. లేకపోతే రైలెక్కిన మనిషి రెండుసార్లు లెక్కలోకి వస్తాడు. మేడారం జాతర వారంలో, శివరాత్రి ముందువెనుక, వానపడే రాత్రిలో ఈ పని పెట్టుకోవద్దు.

ప్లాట్‌ఫాం మీద ఉన్నది ప్రయాణికుడా, నిరాశ్రయుడా అన్న తికమక ఎప్పుడూ ఉంటుంది. టికెట్ అడిగితే మనిషి బెదురుతాడు. వారంలో రెండో రాత్రి అదే చోట కనిపిస్తే నమోదు చేయడం సులువైన పద్ధతి. ఆడవాళ్లు ఇంతకన్నా కష్టం. వాళ్లు కనబడకుండా ఉండటమే వాళ్ల రక్షణ. ఆస్పత్రి వరండాల్లో, వెలుతురున్న వెయిటింగ్ హాళ్లలో, మరో కుటుంబానికి దగ్గరగా కూర్చుని తెల్లవార్లూ మేలుకుంటారు. వాళ్లను రాత్రి సర్వే కన్నా ఆస్పత్రి స్వీపర్లు, హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రాల సిబ్బంది, అన్నదానం దగ్గర వడ్డించే ఆడవాళ్లు ముందుగా గుర్తుపడతారు.

జాబితాలో ప్రతి పేరు పక్కన పది పన్నెండు గడులు చాలు. పేరు, పిలిచే పేరు, తండ్రి లేదా భర్త పేరు, చెప్పిన ఊరు, భాష, సుమారు వయసు, ఎప్పటి నుంచి బయట, ఎందుకు, ఆరోగ్యం, ఏ కాగితాలున్నాయి, ప్రస్తుతం చూస్తున్నది ఎవరు, తర్వాత జరగాల్సిన పని, దాని తేదీ. ‘ఎల్లయ్య, వయసు 60, జమ్మికుంట వైపు’ అని రాస్తే నలుగురు ఎల్లయ్యలు ఒక్కడవుతారు. తండ్రి పేరు, పిలిచే పేరు ఉంటే కలవరు. ఫొటో అనుమతితోనే తీయాలి. ఈ జాబితా పోలీసులకు అనుమానితుల చిట్టాగా, భిక్షాటన దాడులకు చిరునామాల పట్టీగా మారిన రోజు దాని పని అయిపోయినట్టే. భిక్షాటన చేసేవాళ్ల పునరావాసానికి కేంద్రం ఎంచుకున్న 30 నగరాల్లో వరంగల్ కూడా ఉంది కాబట్టి ఈ జాగ్రత్త ఇక్కడ ఇంకా అవసరం. ఒక్క రాత్రి లారీలో ఎక్కించి తరలిస్తే, ఆరు నెలలు కష్టపడి పోగుచేసిన నమ్మకం, మందుల కోర్సు, సగం నడిచిన పింఛన్ దరఖాస్తు అన్నీ చెదిరిపోతాయి.

జాబితా తయారయ్యాక అది గోడకు వేలాడే కాగితం కాకుండా ఉండాలంటే వారానికోసారి గంటన్నర సమావేశం కావాలి. విధానాల మీద ప్రసంగాలకు కాదు. ఒక్కో పేరూ తీసి, పోయిన వారం అనుకున్నది జరిగిందా, జరగకపోతే ఎవరి దగ్గర ఆగింది, ఈ వారం ఎవరు ఏం చేస్తారు అని రాసుకోవడానికి. 25 పేర్లకు మించి ఒక్కసారి పట్టదు. మెప్మా, ఎంజీఎం, రైల్వే పోలీసు, నగర పోలీసు, సఖి, జిల్లా మానసిక ఆరోగ్య విభాగం, తహసీల్ ఆఫీసు, లీడ్ బ్యాంకు (జిల్లాలో బ్యాంకులన్నిటినీ సమన్వయం చేసేది), షెల్టర్ నడిపే సంస్థ. సంతకం పెట్టే అధికారం ఉన్నవాళ్లే రావాలి. ‘సార్‌కు చెప్తాను’ అనే ప్రతినిధి వస్తే ఆ పేరు ఇంకో వారం రోడ్డు మీదే ఉంటుంది.

కాగితం లేని మనిషికి కాగితం

జాబితాలో సగానికి పైగా పనులు కాగితాల దగ్గరే ఇరుక్కుంటాయి. ఆధార్ లేదు కాబట్టి బ్యాంకు ఖాతా లేదు, ఖాతా లేదు కాబట్టి పింఛన్ లేదు. క్షయ రోగికి పోషణ కింద నెలకు వచ్చే వెయ్యి రూపాయలూ ఆగిపోతాయి. దారులు ఉన్నాయి, కింది స్థాయిలో చాలామందికి తెలియవు. ఆధార్ సంస్థ నమూనా పత్రం మీద గుర్తింపు పొందిన షెల్టర్ అధిపతి, గెజిటెడ్ అధికారి, కార్పొరేటర్, ఎమ్మెల్యే ఆ మనిషి ఎవరో ధ్రువీకరించవచ్చు. ఆ పత్రం మూడు నెలలే చెల్లుతుంది, కాబట్టి ఎన్‌రోల్‌మెంట్ తేదీ ఖాయం చేసుకున్నాకే రాయించాలి. కొట్టివేతలు, ఫొటో మీద సంతకం పడకపోవడం, స్పెల్లింగు తేడా ఉంటే సెంటర్లో తిప్పి పంపుతారు.

ఓటరుగా నమోదుకు చిరునామా రుజువు అక్కర్లేదు. ఫారం 6లో రాసిన చోట ఆ మనిషి నిజంగా పడుకుంటున్నాడా అని బూత్ స్థాయి అధికారి ఒకటికి మించి రాత్రులు వచ్చి చూసుకుంటే చాలు. ఎన్నికల సంఘం నిబంధనే అది. రాత్రిపూట రావాల్సినవాళ్లు పగలు వచ్చి ‘ఎవరూ లేరు’ అని రాసిపోవడమే ఇందులో జరిగే తప్పు.

వేలిముద్రలు మరో రకంగానూ పనికొస్తాయి. కొత్తగా ఆధార్‌కు ఇచ్చినప్పుడు ఇప్పటికే ఉందని తిరస్కరణ వస్తే, ఆ మనిషికి ఎక్కడో ఒక ఊరు, ఒక ఇల్లు ఉన్నట్టే. ఆధార్ సంస్థ హైదరాబాద్ ప్రాంతీయ కార్యాలయం ద్వారా ప్రయత్నిస్తే మార్గం దొరకొచ్చు. ఏళ్ల కింద తప్పిపోయినవాళ్లు ఈ విధంగా ఇళ్లు చేరిన సందర్భాలు దేశంలో చాలా ఉన్నాయి.

రోడ్డున పడకముందే

నిరాశ్రయులు ఆకాశం నుంచి ఊడిపడరు. కొన్ని గుమ్మాలు దాటి వస్తారు, ఆ గుమ్మాలు ఎక్కడున్నాయో అందరికీ తెలుసు.

ఆస్పత్రి పెద్ద గుమ్మం. పది పదిహేను జిల్లాల నుంచి ఎంజీఎంకు వస్తారు. కాలు తీసేసిన మనిషిని, పక్షవాతం వచ్చిన ముసలాయనను వెంట వచ్చినవాళ్లు మూడోరోజు ‘డబ్బులు తెస్తాం’ అని వెళ్లి తిరిగిరారు. డిశ్చార్జి రోజు ఈ సంగతి బయటపడితే చేయగలిగింది లేదు. చేర్చుకున్న మొదటి రెండు రోజుల్లోనే ‘ఇక్కడి నుంచి ఎక్కడికి పోతారు, ఎవరితో’ అని అడిగి కేసు షీటు మీద రాయాలి. ఆరోగ్యశ్రీ కేసుల్లో ఆరోగ్యమిత్ర (ఆస్పత్రిలో ఆ పథకం సహాయకులు) ఎలాగూ కుటుంబ వివరాలు తీసుకుంటారు, ఈ ప్రశ్న అక్కడే చేరుతుంది. జవాబు తేలకపోతే అదే రోజు సమన్వయాధికారికి కబురు పోవాలి. డిశ్చార్జికి మూడు రోజుల ముందే షెల్టర్ పడకో, ఊరి సర్పంచ్‌తో మాటో, ఏదో ఒకటి ఖాయం కావాలి. కట్టు మార్చాల్సిన పుండుతో బయటికొచ్చిన మనిషికి మామూలు షెల్టర్ పనికిరాదు. నర్సు రోజూ వచ్చిపోయే పది పడకలు ఆస్పత్రికి దగ్గర్లో ఉంటే అతను మళ్లీ అదే వార్డుకు రాకుండా ఆగుతాడు.

రెండో గుమ్మం ఆస్తి కాగితం. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం కింద ఆర్డీవో అధ్యక్షతన ట్రిబ్యునల్ ఉంది. నెలకు 10 వేల వరకు భరణం ఇప్పించవచ్చు, 90 రోజుల్లో తేల్చాలి. 23వ సెక్షన్ ప్రకారం, చూసుకుంటామన్న షరతుతో ఆస్తి రాయించుకుని చూసుకోకపోతే ఆ రిజిస్ట్రేషన్‌నే రద్దు చేయించవచ్చు. చిక్కు ఎక్కడంటే, ఆ షరతు దస్తావేజులో ఉండదు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను వృద్ధుల మేలు చూసి ఉదారంగా అర్థం చేసుకోవాలని చెప్పింది. అయినా షరతు రాసి ఉంటే వాదనే ఉండదు. తెలంగాణలో వ్యవసాయ భూమి గిఫ్ట్ డీడ్‌లు 2020 నుంచి తహసీల్దార్ల దగ్గరే జరుగుతున్నాయి. ‘దాత జీవితాంతం పోషణ బాధ్యత గ్రహీతది’ అన్న ఒక్క వాక్యం ప్రతి గిఫ్ట్ డీడ్ ముసాయిదాలో ముందే ఉంచి, వద్దనుకుంటే ముసలివాళ్లే కొట్టేసే పద్ధతి పెడితే ఖర్చు సున్నా. వేములవాడ మెట్ల మీద పడుకునే తల్లుల్లో కొందరైనా అక్కడికి రాకుండా ఉంటారు.

మూడోది తొలగింపు. నాలాల మీద, చెరువు శిఖాల్లో (చెరువు నీరు నిలిచే భూముల్లో) గుడిసెలు తీసేయడం వరదల తర్వాత ఎక్కువైంది. 2023 జులై వరదలు, 2025 అక్టోబరులో మొంథా తుపాను వరంగల్, హనుమకొండ కాలనీలను ముంచినప్పుడు నాలాలు వెడల్పు చేయాలన్న మాట మళ్లీ గట్టిగా వినిపించింది. ఆ అవసరం నిజం. కానీ కూల్చివేతలకు 15 రోజుల నోటీసు ఇవ్వాలన్న 2024 నవంబరు సుప్రీంకోర్టు తీర్పు రోడ్లు, ఫుట్‌పాత్‌లు, రైలు పట్టాల పక్కన, నీటి వనరుల మీద ఉన్న కట్టడాలకు వర్తించదు. గరీబోళ్లు ఉండేది సరిగ్గా అక్కడే. కోర్టు మినహాయించినంత మాత్రాన నోటీసు ఇవ్వొద్దని కాదు. తీసేయబోయే ఇళ్ల జాబితా నెల ముందు సమన్వయాధికారి చేతికొస్తే, వాటిలో ఒంటరి వృద్ధులు, వికలాంగులు, చిన్నపిల్లలున్న కుటుంబాలను వేరు చేసి గదులు వెతకడానికి వీలుంటుంది.

గృహహింస నుంచి పారిపోయి వచ్చే ఆడవాళ్లకు 181 హెల్ప్‌లైన్, సఖి కేంద్రాలు ఉన్నాయి. అక్కడ ఉండగలిగేది కొద్ది రోజులే కాబట్టి ఆ గడువు ముగిసే తేదీ కూడా ఉమ్మడి జాబితాలో కనిపించాలి. పిల్లలు ఒంటరిగా దొరికితే 1098 హెల్ప్‌లైన్, బాలల సంక్షేమ సమితి. వాళ్లను పెద్దల షెల్టర్‌లో ఒక్క రాత్రి కూడా ఉంచొద్దు.

మతిస్థిమితం లేనివాళ్ల సంగతి

ఏళ్లతరబడి రోడ్డు మీదే మిగిలిపోయేది వీళ్లే, అందరూ చేతులెత్తేసేది వీళ్ల విషయంలోనే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 100వ సెక్షన్ చాలా స్పష్టంగా ఉంది. తిరుగుతున్న మనిషికి మానసిక జబ్బు ఉందని, తనను తాను చూసుకోలేడని అనిపిస్తే పోలీసులు రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోపు ప్రభుత్వ ఆస్పత్రికి చేర్చాలి. లాకప్‌లో ఉంచకూడదు. ఇల్లు లేనివాళ్లయితే తప్పిపోయిన వ్యక్తిగా ఎఫ్ఐఆర్ నమోదు చేసి కుటుంబాన్ని వెతకాలి. జరిగేది ఏమిటంటే, జనరల్ డైరీలో ఒక ఎంట్రీ వేసి, ఆస్పత్రి గేటు దగ్గర దింపుతారు. ఎఫ్ఐఆర్ లేకపోతే ఆ ఫొటో పక్క జిల్లాకు కూడా చేరదు, జార్ఖండ్‌కో ఒడిశాకో ఎట్లా చేరుతుంది?

వార్డులో రెండు వారాలకు మనిషి తేరుకుంటాడు. ఊరి పేరు, బడి పేరు, నది పేరు చెప్పడం మొదలుపెడతాడు. ఆ మాటలు అతని భాష తెలిసినవాళ్లు విని రాసుకోవాలి. అప్పుడే డిశ్చార్జి చేసి పదిహేను రోజుల మాత్రలు చేతిలో పెడితే, రోడ్డు మీద ఆ మాత్రలు మూడోరోజుకే పోతాయి. మహారాష్ట్ర కర్జత్‌లో శ్రద్ధా ఫౌండేషన్ ఇట్లాంటివాళ్లకు చికిత్స చేసి, మనిషిని తోడిచ్చి సొంత ఊళ్లకు చేర్చే పని ఏళ్లుగా చేస్తోంది. డాక్టర్ భరత్ వట్వానీకి 2018లో మెగసెసే అవార్డు వచ్చింది ఆ పనికే. ఇంటికి చేర్చాక అక్కడి దగ్గరి ఆస్పత్రిలో మందులు దొరికే ఏర్పాటు లేకపోతే ఏడాదిలోపే మళ్లీ రైలెక్కుతారన్నది ఈ పనిలో ఉన్నవాళ్లందరి అనుభవం.

బయటికి వెళ్లే దారి: ఒక గది

ఇందిరమ్మ ఇళ్ల మొదటి విడత సొంత జాగా ఉన్నవాళ్లకు. ఫుట్‌పాత్ మీద పడుకునేవాళ్లకు జాగా ఎక్కడిది? వాళ్లు స్థలమూ ఇల్లూ లేని రెండో జాబితాలోకి రావాలి, ఆ దరఖాస్తు కూడా చిరునామా అడుగుతుంది. ఇల్లు మంజూరయ్యేదాకా ఆగకుండా ఇప్పుడు చేయగలిగింది అద్దె గదులు. ఒంటరి ముసలాయనకు, పిచ్చిది అన్న పేరు పడ్డ ఆడమనిషికి హన్మకొండలో ఎవరూ గది ఇవ్వరు. సంస్థ పేరు మీద ఒప్పందం రాస్తే ఇస్తారు.

చెన్నైలో 1993లో మొదలైన బన్యన్ సంస్థ, నలుగురైదుగురిని మామూలు కాలనీల్లో ఒకే అద్దె ఇంట్లో ఉంచి, రోజూ ఒక సహాయకురాలు వచ్చేట్టు చూసే పద్ధతి నడుపుతోంది. ఇక్కడి లెక్కలోకి దాన్ని మార్చి చూద్దాం. వృద్ధాప్య పింఛన్ 2,016 చొప్పున నలుగురికి 8,064. విడివిడిగా ఆహారభద్రత కార్డులుంటే మనిషికి 6 కిలోల చొప్పున 24 కిలోల సన్నబియ్యం. అన్నానికి, కూరగాయలకు, కరెంటు బిల్లుకు ఇది కాస్త అటూ ఇటుగా సరిపోతుంది. బయటి నుంచి కావాల్సింది అద్దె, సహాయకురాలి జీతం. షెల్టర్‌లో ఏళ్లతరబడి అదే పడక మీద ఉండిపోయిన నలుగురిని ఇట్లా పంపితే నాలుగు పడకలు ఖాళీ అవుతాయి, కొత్తగా కట్టే పని లేకుండానే. ఎవరెవరిని కలిపి ఉంచాలో వాళ్లనే ఎంచుకోనివ్వాలి. అధికారులు కలిపిన నలుగురు నెలలోపే విడిపోతారు. మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, తర్వాత నెలకోసారి వెళ్లి చూసే మనిషి లేకపోతే అద్దె బకాయి పడ్డ సంగతి సామాన్లు బయటపడ్డాకే తెలుస్తుంది.

నెలనెలా ఐదు అంకెలు బయటపెడితే చాలు. ఆ నెల కొత్తగా జాబితాలోకి వచ్చినవాళ్లు, గదికో ఇంటికో చేరినవాళ్లు, చేరి మళ్లీ తిరిగొచ్చినవాళ్లు, జాడ తెలియనివాళ్లు, చనిపోయినవాళ్లు. చివరి అంకె చాలాచోట్ల దాస్తారు. మార్చురీలో గుర్తుతెలియని శవంగా మిగిలిన మనిషి జాబితాలో ‘తగ్గిన సంఖ్య’గా కనిపిస్తే ఆ లెక్క మొత్తం అబద్ధమవుతుంది. అందుకే మార్చురీ రిజిస్టర్‌ను, రైల్వే పోలీసుల గుర్తుతెలియని మృతుల పట్టీని నెలకోసారి ఉమ్మడి జాబితాతో సరిచూసుకోవాలి.

తర్వాతి జనగణనకు లెక్క ఘడియ 2027 మార్చి 1, సున్నా గంటలు. 2011లో ఇల్లు లేనివాళ్లను లెక్కించింది ఫిబ్రవరి 28 రాత్రి ఒక్కటే. పడుకునే చోట్ల పటం, డివిజన్ల వారీగా పేర్లు అప్పటికే సిద్ధంగా ఉంటే, వాటిని ఆ జనవరిలోనే బల్దియా, మున్సిపాలిటీల జనగణన సిబ్బందికి అందించవచ్చు. ఏ ఎన్యూమరేటర్ (లెక్క రాసే సిబ్బంది) ఏ ప్లాట్‌ఫాంకు, ఏ గుడి మండపానికి, ఏ ఆస్పత్రి వరండాకు వెళ్లాలో ముందే పంచుకోవచ్చు. మహిళల కోసం ఎంజీఎం, బస్టాండు, స్టేషన్ వెయిటింగ్ హాళ్లకు మహిళా ఎన్యూమరేటర్లను వేరుగా కేటాయించమని అడగాల్సిందీ అప్పుడే.